నాలుగో తరగతిలో 9 మందికి చదవడం రాదు. ఎక్కడ ఆగిపోయారో కనుక్కోవడం ఎలా?

హంద్రీఒడ్డు (ఎస్జీటీ, ఆదోని వైపు) – జులై 27, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. బదిలీ మీద జూన్‌లో ఈ బడికి వచ్చాను. నాలుగో తరగతిలో 27 మంది. అందులో 9 మందికి తెలుగు చదవడం రాదు. "రాదు" అని రాశాను గానీ ఆ మాటకు అర్థమేందో నాకే తెలియడం లేదు.

పోయిన వారం జరిగింది చెప్తా. ఒక పిల్లోడు, బుజ్జి అనుకుందాం, లేచి నిలబడి పాఠం గడగడా చదివేశాడు. సంతోషపడి దగ్గరికి పోయి చూస్తే వాడి వేలు ఒక లైను మీద ఉంది, నోరు రెండు లైన్లు ముందుకు పోయింది. పేజీ అయిపోయింది. వాడు పేజీ తిప్పకుండానే తర్వాతి పేజీలోది కూడా చెప్పేశాడు! పక్క పిల్లలు చదువుతుంటే విని విని మొత్తం నోటికి పట్టేశాడు. నడుమ నుంచి "నక్క" అనే పదం చూపించి చదవమంటే "నక" అన్నాడు.

ఆన్‌లైన్‌లో గ్రేడ్ వేసేటప్పుడు తొమ్మిది మందికీ ఒకటే అక్షరం పెడుతున్నాం. కానీ ఈ తొమ్మిది మంది ఒకటి కాదని నాకు అనిపిస్తోంది. ఒకమ్మాయికి అక్షరాలే రావు. ఇంకొకడు అక్షరాలన్నీ చెప్తాడు, పదం దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతాడు. ఎవరికి ఏది అడ్డుపడుతోందో ఎలా తేల్చుకోవాలి? పెద్ద పెద్ద పరీక్షలు కాకుండా, ఒక్క టీచరు చేసుకోగలిగేది చెప్పండి.

పాతపంతులు (రిటైర్డ్ హెచ్ఎం, ప్రొద్దుటూరు) – రాత్రి 10:05

సారూ, ముందు అందరి ఎదుట లేపి చదివించడం ఆపండి. ఒక్కొక్కరిని వరండాలోకి పిలుచుకుని పక్కన కూర్చోబెట్టుకోండి. పాఠ్యపుస్తకం వద్దు, వాడు చూడని కాగితం ఇవ్వండి. బుజ్జి ఎందుకు దొరకలేదో మీకే అర్థమైంది కదా.

ప్రథమ్ సంస్థ వాళ్ళు 2005 నుంచి పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడే పద్ధతి మీకు సరిపోతుంది. అక్షరాల నుంచి కాదు, పేరా నుంచి మొదలుపెడతారు. ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇవ్వండి. పదం పదం తెంచకుండా వాక్యంలాగా చదివి, తప్పులు మూడు దాటకపోతే, రెండో తరగతి స్థాయి కథ ఇవ్వండి. పేరా రాకపోతే పదాలకు దిగండి, ఐదింటిలో నాలుగు రావాలి. అవీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింటిలో నాలుగు. మనిషికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

అయితే ఒకటి. ఇది బిడ్డ ఏ మెట్టు మీద నిలబడ్డాడో చెప్తుంది. ఎందుకు ఎక్కలేకపోతున్నాడో చెప్పదు. అది తెలియాలంటే వాడు చదివిన తప్పును తప్పుగానే రాసుకోవాలి. "పుస్తకం"ను "పుసతకం" అన్నాడా, "పుసకం" అన్నాడా, "పలక" అన్నాడా? మూడూ తప్పులే గానీ మూడూ వేరు వేరు జబ్బులు. మొదటివాడికి ఒత్తు ఏం చేస్తుందో తెలియదు. రెండోవాడు ఒత్తును చూడనే లేదు. మూడోవాడు మొదటి అక్షరం చూసి ఊహ కొట్టాడు.

నా అనుభవంలో తెలుగు పిల్లలు ఎక్కువగా కూలబడేది రెండు చోట్ల. ఒకటి గుణింతంలో పొట్టి పొడుగులు: కలం, కాలం, పెరు, పేరు. రెండోది ఒత్తులు. గ ఒత్తు, చ ఒత్తు అయితే పై అక్షరం పోలికలోనే ఉంటాయి. త, న, మ, య, ర, ల ఒత్తుల ఆకారమే వేరు. "అమ్మ" చదివాడు కదా, ఒత్తు వచ్చేసింది అనుకుంటాం. "బొమ్మ" ఇచ్చి చూడండి. "బొమ" అంటాడు. "అమ్మ"ను వాడు బొమ్మలాగా గుర్తుపట్టాడు, చదవలేదు.

ఎర్రనేల (అనంతపురం) – రాత్రి 10:31

ఇన్ని పరీక్షలెందుకు సార్. మా కాలంలో బెత్తం చూపిస్తే ఒత్తులన్నీ వచ్చేసేవి 😄

పాతపంతులు – రాత్రి 10:58

నేనూ కొట్టినవాణ్ణే. ఒకడికి ఎన్ని దెబ్బలు కొట్టినా చదువు రాలేదు, ఐదో తరగతిలో మానేశాడు. ఇరవై ఏళ్ళకు వాడి పంక్చర్ షాపులో బండి ఆపితే, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఫోన్ ముక్కుకు ఆనించి చూస్తున్నాడు. "ఇప్పుడు పేపర్ చదువుతున్నా సార్" అన్నాడు. ఆ రోజు నాకు అన్నం పోలేదు. ఇంకో మాట మాట్లాడుకుందాం.

భవితటీచర్ (ఐఈఆర్పీ – ప్రత్యేక అవసరాల పిల్లల టీచర్, కడప జిల్లా) – జులై 28, ఉదయం 6:40

పెద్దాయన చెప్పిన దానికి ముందు ఇంకో పని ఉంది సార్. కన్ను, చెవి, హాజరు పట్టీ.

కన్ను: బోర్డు మీద రాసింది దిగించుకోవడానికి లేచి ముందుకు వస్తున్నాడా, పుస్తకం మరీ దగ్గర పెట్టుకుంటున్నాడా, కాసేపు చదివితే తలనొప్పి అంటున్నాడా గమనించండి. 2019 అక్టోబర్‌లో కంటి వెలుగు అనే సర్కారు కంటి పరీక్షల పథకం అనంతపురంలోనే మొదలైంది, మొదట బడిపిల్లలకే చేశారు. అప్పటికి మీ పిల్లలు ఇంకా బడిలో చేరలేదు, కాబట్టి ఆ పరీక్ష వీళ్ళకు జరగలేదు. ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు ఆరోగ్య పరీక్షల టీం బడికి వచ్చినప్పుడు ఈ తొమ్మిది పేర్లు ముందే రాసి చేతిలో పెట్టండి. "అందరినీ చూడండి" అంటే ఎవరినీ సరిగా చూడరు.

చెవి: వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పిలవండి. చెవిలో చీము కారే పిల్లలు మన పల్లెల్లో ఎక్కువ. జలుబు చేసినప్పుడల్లా వినపడక, "త", "ద" తేడా పట్టుకోలేని పిల్లను నేను చూశాను. ఆ పిల్లకు కావలసింది చెవి డాక్టరు.

హాజరు: మీ వైపు సుగ్గికి (కూలిపనికి వలస) పోతారు కదా. పోయిన రెండేళ్ళ రిజిస్టర్ తియ్యండి. దీపావళి తర్వాత పోయి ఉగాదికి వచ్చిన బిడ్డకు ఒత్తులు ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. చెప్పనిది రాలేదని బిడ్డ మీద పేరు పెట్టకూడదు.

బుగ్గవంక (కడప, ప్రైమరీ టీచర్) – ఉదయం 7:55

ఇంట్లో ఏ భాష అన్నది కూడా రాసుకోండి సార్. మా ఇంట్లో ఉర్దూ. నేను ఒకటో తరగతికి పోయేసరికి నాకు తెలుగు మాటలు యాభై కూడా రావు. అక్షరాలు త్వరగానే వచ్చేశాయి, గట్టిగా చదివేదాన్ని, టీచర్ మెచ్చుకునేది. అర్థం మాత్రం ఒక్క ముక్క తెలిసేది కాదు. మూడో తరగతి దాకా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే చదివిన తర్వాత ఏమైందని ఎవరూ అడగలేదు. మీ వైపు కన్నడ ఇళ్ళు, సుగాలి తండాలు ఉంటాయి కదా.

ఉర్దూ, కన్నడ దాకా ఎందుకు, తెలుగు ఇళ్ళలోనే చూడండి. మా బడిలో ఒక పాప "గేదె" అని రాసి బొమ్మ వేసిన కార్డు చూసి "ఎనుము" అని చదివింది. తోటి టీచర్ తప్పు కొట్టింది. "బంగాళాదుంప" కార్డు చూసి "ఉర్లగడ్డ" అంది. పాపకు బుర్ర బాగానే పనిచేస్తోంది, బొమ్మను చదివింది. కార్డు మీది బొమ్మ తీసేసి ఇస్తే గాని ఆ పాపకు "గే" తెలుసో లేదో మనకు తెలియదు. అందుకే పరీక్ష కాగితంలో బొమ్మలు పెట్టొద్దు.

హంద్రీఒడ్డు – జులై 28, రాత్రి 8:20

అందరికీ ధన్యవాదాలు. రిజిస్టర్ తీశాను. తొమ్మిది మందిలో నలుగురు పోయిన సంవత్సరం నవంబర్ నుంచి మార్చి దాకా దాదాపు లేరు. గుంటూరు వైపు మిరప కోతకు పోయారు. బుజ్జి ఆ నలుగురిలో లేడు. వాళ్ళ నాయన ఇక్కడే లారీలకు లోడింగ్.

కేంద్రం చిన్న తరగతుల చదువు పథకం నిపుణ్ భారత్‌లో నిమిషానికి ఇన్ని పదాలు చదవాలని ఉంది కదా, రెండో తరగతి చివరికి 45 నుంచి 60, మూడుకు కనీసం 60. అది ఫోన్‌లో టైమర్ పెట్టి చూడమంటారా?

టవర్‌క్లాక్ (అనంతపురం) – రాత్రి 9:02

చూడండి గానీ ఆ అంకెను దేవుడు చేసుకోకండి. తెలుగులో "చదువుకుంటున్నప్పటికీ" ఒక పదం. ఇంగ్లీషులో అదే మాటకు నాలుగైదు పదాలు. ఒకటే గీత అన్ని భాషలకు గీస్తే తెలుగు పిల్లోడు మందగమనుడిలాగా కనిపిస్తాడు. 2022లో ఎన్సీఈఆర్టీ మూడో తరగతి పిల్లలకు ఫౌండేషనల్ లెర్నింగ్ స్టడీ చేసినప్పుడు అందుకే భాషకో కొలత వేరుగా పెట్టారు. మీరు పిల్లోణ్ణి పక్కవాడితో కాదు, పోయిన నెల వాడితోనే పోల్చండి. జులైలో నిమిషానికి 12 పదాలు, సెప్టెంబర్‌లో 21 అయితే బండి కదులుతోంది.

భవితటీచర్ – రాత్రి 9:30

దానితో పాటు రెండు చిన్న పరీక్షలు చేయండి సార్, నేను వీటి మీదే ఎక్కువ ఆధారపడతా.

మొదటిది వినికిడి కథ. వాడు చదవొద్దు, మీరు చదివి వినిపించండి. తర్వాత నాలుగు ప్రశ్నలు వేయండి. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు ఒక మాట చెప్పారు: చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని విప్పడం, మాట విని అర్థం చేసుకోవడం, ఈ రెండింటి గుణకారం. కూడిక కాదు, గుణకారం. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. కథ వింటే అంతా చెప్పి, కాగితం ఇస్తే తడబడేవాడికి అక్షరం దగ్గర ఇబ్బంది. గడగడా చదివి ఏమీ చెప్పలేనివాడికి భాష దగ్గర ఇబ్బంది, బుగ్గవంక మేడమ్ చెప్పిన చిన్నప్పటి ఆమె లాగా.

రెండోది లేని పదాలు. "గుమటి", "రోచుకి", "తబెలు", "పిన్నిగు" ఇట్లా. ఇవి ఏ భాషలోవీ కావని, ఆటలాగా చదవాలని ముందే చెప్పండి. కంఠస్థం, ఊహ, బొమ్మ ఏదీ ఇక్కడ పనిచేయదు. ఉత్తి అక్షరం ఒక్కటే మిగులుతుంది.

కొండారెడ్డిబురుజు (కర్నూలు) – జులై 30, మధ్యాహ్నం 2:15

నేను టీచర్ని కాను, ఒక తల్లిని. మా బాబు ఒక ప్రైవేట్ స్కూల్లో ఐదో తరగతి, ఇంగ్లీష్ మీడియం. లెక్కలు నోటితో అడిగితే టక్కున చెప్తాడు, పేపర్ మీద ఇస్తే వదిలేస్తాడు. స్కూల్ వాళ్ళు పిలిచి "డిస్లెక్సియా ఉన్నట్టుంది, ఇంకో స్కూల్ చూసుకోండి" అన్నారు. ఒక ప్రైవేట్ సెంటర్‌కు పోతే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి అవును డిస్లెక్సియానే అన్నారు. రంగు అద్దాలు పెడితే తగ్గుతుందట, ప్యాకేజీ 18 వేలు. రాత్రి నిద్ర పట్టడం లేదు. కట్టాలా వద్దా?

టవర్‌క్లాక్ – మధ్యాహ్నం 2:40

కట్టొద్దు అక్కా. రంగు అద్దాలతో చదువు వస్తుందనడానికి రుజువు లేదు. 2009లో అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘాలు కలిసి ఇదే మాట రాసి పెట్టాయి. డిస్లెక్సియా అక్షరాన్ని శబ్దంతో కలిపే దగ్గర వచ్చే ఇబ్బంది, కంటి జబ్బు కాదు. చూపు పరీక్ష మాత్రం తప్పకుండా చేయించండి, అది వేరు.

మా అన్న కూతురికి ఇదే కథ. అనంతపురం నుంచి బెంగళూరు ఎంత దూరం, రైలెక్కి అక్కడి మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌కు పోయినాం. ఒక్క రోజుతో కాలేదు. బిడ్డ పుట్టినప్పటి నుంచి అడిగారు, స్కూల్ నోట్‌బుక్కులు చూశారు, ఐక్యూ చూశారు, చదవడం, రాయడం, లెక్కలు వేరు వేరుగా చూశారు. ఇరవై నిమిషాల్లో తేలేది కాదు ఇది.

భవితటీచర్ – సాయంత్రం 4:18

అమ్మా, ముందు స్కూల్ మాట. వెళ్ళిపోమనడానికి వాళ్ళకు వీల్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజేబిలిటీ ఒకటి, డిస్లెక్సియా అందులోకే వస్తుంది. ఇలాంటి పిల్లలను త్వరగా గుర్తించి తగినట్టు చెప్పడం బడి పని అని ఆ చట్టం 16వ సెక్షన్‌లో రాసి ఉంది. విద్యాహక్కు చట్టంలోనూ 16వ సెక్షనే, ఎనిమిదో తరగతి అయ్యేదాకా బిడ్డను బడి నుంచి తీసేయకూడదు. నోటితో అన్నది కాగితం మీద రాసివ్వమని అడగండి. చాలామంది అక్కడే మెత్తబడతారు.

సర్టిఫికెట్ కావాలంటే 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిదేళ్ళు నిండాలని ఉండేది, 2024లో వాటిని సవరించారు. ఐక్యూ పరీక్ష, నిమ్హాన్స్ బ్యాటరీ (చదవడం, రాయడం, లెక్కల పరీక్షల కట్ట) చేస్తారు. 14 ఏళ్ళకు, 18 ఏళ్ళకు మళ్ళీ చూడాలని ఆ 2018 మార్గదర్శకాల్లో ఉండేది. దారి ప్రభుత్వాసుపత్రి నుంచే, ప్రైవేట్ సెంటర్ లెటర్‌హెడ్ చెల్లదు.

ఇంకొకటి. డాక్టర్లు వాడే డీఎస్ఎం-5 పుస్తకంలో, ప్రత్యేకంగా నేర్పించినా కనీసం ఆరు నెలలు ఇబ్బంది పోకపోతేనే ఆ పేరు పెట్టాలని ఉంది. మీ బాబుకు ఎవరైనా ఆరు నెలలు నేర్పించారా? ఇంట్లో తెలుగు కదా, తెలుగు ఎలా చదువుతాడు?

కొండారెడ్డిబురుజు – సాయంత్రం 5:02

ఎవరూ నేర్పించలేదు మేడమ్, ట్యూషన్‌లో హోంవర్క్ రాయిస్తారు అంతే. తెలుగు… తప్పుల్లేకుండా చదువుతాడు గానీ చాలా నిదానం. ఒక పేజీకి నాకే ఓపిక పోతుంది. b, d తిప్పి రాయడు. అందుకే ఇది డిస్లెక్సియా కాదేమో అనుకున్నా.

భవితటీచర్ – సాయంత్రం 5:20

ఆ ఇంగ్లీషు అక్షరాలు తిరగేయడం అన్న గుర్తు సినిమాల వల్ల పాపులర్ అయింది. చిన్నప్పుడు మామూలు పిల్లలూ తిరగేస్తారు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇబ్బంది ఉన్నవాళ్ళు తప్పులు తక్కువ చేసి, నిదానంగా చదువుతారు. ఆ నిదానమే గుర్తు. ఇంగ్లీషులో అదే బిడ్డ దొరికిపోతాడు. మీరు చెప్పింది చూస్తే చూపించదగ్గదే. భయపడి కాదు, తేల్చుకోవడానికి. తెలుగు నోట్‌బుక్కు, ఇంగ్లీషు నోట్‌బుక్కు రెండూ తీసుకుపోండి.

ఎర్రనేల – సాయంత్రం 6:11

మొన్న జోక్ వేశాను గానీ, అక్కా మీ బాబు గురించి చదివాక నన్ను నేను చూసుకున్నట్టుంది. నేను ఇంజనీరింగ్ అయిపోయినా పేపర్ ఒక పేజీకి అరగంట పడుతుంది. దానికి ఒక పేరు ఉందని ఇప్పుడే తెలిసింది.

హంద్రీఒడ్డు – ఆగస్టు 24, రాత్రి 9:45

నెల అయింది. ఏం చేశానో చెప్తా, తప్పులుంటే దిద్దండి.

సుగ్గికి పోయిన నలుగురిలో ముగ్గురు పదాల దగ్గర ఆగారు, ఒత్తు లేని పదాలన్నీ చదువుతారు. వాళ్ళకు రోజూ అరగంట ఒత్తులే. "గడ్డి, బడ్డి, లడ్డు" అని గుంపులుగా ఇస్తున్నా. మూడు వారాల్లో ఒకమ్మాయి చిన్న పేరా చదివింది. నాలుగోవాడు ఇంట్లో కన్నడ. వాడు చదువుతాడు, అర్థం చెప్పలేడు. వాడితో చదివించడం తగ్గించి మాట్లాడించడం పెంచాను.

అక్షరాలే రావనుకున్న అమ్మాయిని ఆర్‌బీఎస్‌కే వాళ్ళకు చూపించాను. రెండు కళ్ళకూ చూపు తక్కువ. అద్దాలు ఇంకా రాలేదు. ఈలోగా ముందు బెంచీలో కూర్చోబెట్టి బోర్డు మీద జానెడు అక్షరాలు రాస్తున్నా. అక్షరాలు రావనుకున్నానా, 40 దాకా చెప్పింది! మిగిలిన ముగ్గురు నాకు ఇంకా తేలలేదు. ఒకరోజు ఒకలా, ఒకరోజు ఇంకోలా చదువుతారు. వాళ్ళను మళ్ళీ చూస్తా.

బుజ్జి సంగతి. కథ చదివి వినిపిస్తే నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పి, "సార్, ఆ నక్క అట్లా చేసుండకూడదు" అని ఐదోది వాడే చెప్పాడు. లేని పదాలు పది ఇచ్చా. "గుమటి" దగ్గర పెదాలు కదుపుతూ, గు… మ… అని ఆగి, వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ గు దగ్గర మొదలుపెట్టాడు. "గుమటి" అనడానికి పదకొండు సెకన్లు పట్టింది. సరిగ్గానే చెప్పాడు. ఒత్తు ఉన్న మూడింటిలో ఒక్కటీ రాలేదు. పది అయ్యేసరికి చెమట పట్టింది వాడికి. ఇన్నాళ్ళు కంఠస్థం ఎందుకు పట్టాడో నాకు అప్పుడు అర్థమైంది. చూపు బాగుంది, చెవి బాగుంది, హాజరు నిండుగా ఉంది.

భవితటీచర్ – రాత్రి 10:10

ఈ పిల్లోణ్ణి నాకు చూపించాలి సార్, అంటే ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే మీ మండలం భవిత కేంద్రానికి. పరీక్షకు ముందు మీరు చెప్పినవన్నీ తేదీలతో ఒక కాగితం మీద రాయండి, పదకొండు సెకన్లతో సహా. మనిషి మారినా ఆ కాగితం మాట్లాడుతుంది. ఈలోపు రోజూ పది నిమిషాలు, ఒక్కో ఒత్తు, వారానికి ఒకటే. ఇసుకలో రాయించండి, పలుకుతూ రాయాలి.

పాతపంతులు – రాత్రి 10:22

కంఠస్థం పట్టే శక్తిని తిట్టొద్దు సారూ. వాడికి పద్యాలు నేర్పండి, తరగతిలో వాడిదే పైచేయి అవుతుంది.

హంద్రీఒడ్డు – అక్టోబర్ 9, ఉదయం 7:05

ఒక చిక్కు వచ్చింది. బుజ్జి వాళ్ళ నాయనకు ఇక్కడ లోడింగ్ పని తగ్గిందట. ఈసారి వాళ్ళూ దీపావళి అయ్యాక గుంటూరు పోతారట. వలస పోయేవాళ్ళ పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టల్‌లో పెట్టమని చెప్తే జేజి ఒప్పుకుంది, వాళ్ళమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు. న, ల, మ ఒత్తులు వచ్చాయి వాడికి. ర ఒత్తు సగంలో ఉంది. భవితలో అపాయింట్‌మెంట్ నవంబర్‌కు ఇచ్చారు.

భవితటీచర్ – ఉదయం 7:31

అపాయింట్‌మెంట్ ముందుకు జరపమని నేను ఫోన్ చేసి అడుగుతా, నంబర్ మెసేజ్‌లో పెట్టండి. ఒకవేళ వాడు పోవలసి వస్తే పోస్ట్‌కార్డంత అట్టముక్క మీద రాసి వాళ్ళమ్మకు ఇవ్వండి: "న, ల, మ ఒత్తులు వచ్చు. ర ఒత్తు నేర్పుతున్నాం. కథ వింటే అన్నీ చెప్తాడు. అందరి ముందూ చదివించవద్దు." అక్కడ ఏ టీచర్ చేతికి పోయినా అక్కడి నుంచే మొదలుపెడతారు.

హంద్రీఒడ్డు – ఉదయం 7:40

రాశాను. అట్ట మీద పేరు వాణ్ణే రాయమన్నా.